సానరాయి చుట్టూ గాయపాకు

కోర నూరుకునే హక్కు మీదే, కాదనను. మరి ఆ కోర చేసిన గాయానికి ఆకు తెచ్చేదెవరు?

అడవిలో కోరలూ కొమ్ములూ పదునెక్కేది ఒకే సానరాయి మీద. ఆ పొద్దున ఎవరిదో కొమ్ము జింకపిల్ల డొక్కలో దిగింది. గాయాలకు కట్టుకట్టే గోరువంక ఎంత వెతికినా దగ్గర్లో ఒక్క రెమ్మ గాయపాకు దొరకలేదు. తల్లిజింక నాకుతూనే ఉన్నా, పిల్ల కళ్లు తేలేస్తోంది.

గోరువంక నేరుగా వచ్చి సానరాయి మీద వాలింది.

"ఇకనుంచి నూరుకునేవాళ్లంతా తలా ఒక రెమ్మ గాయపాకు తెచ్చివ్వాలి."

అడవిపంది గుర్రుమంది. "నా పిల్లల్ని కాచుకోడానికి నూరుకుంటున్నా. నేనెవర్నీ పొడవలేదే! పొడిచినవాణ్ణి పట్టుకుని అడుగు, పో."

"నువ్వు పొడవలేదు మామా, నిజమే. ఒక్కసారి కిందికి చూడు."

ఒకప్పుడు రాయి చుట్టూ దట్టంగా పెరిగిన గాయపాకు, వంతు కోసం నిలబడ్డవాళ్ల కాళ్ల కింద నలిగి మట్టయిపోయింది. ఆ మట్టిలో పంది గిట్టల గుర్తులూ ఉన్నాయి.

పంది కోర నూరుకోకుండానే వాగు అవతలి గట్టుకు పరుగెత్తింది.

అది తిరిగొచ్చేసరికి తల్లిజింక పిల్లను నాకడం మానేసింది. నోటినిండా ఆకుతో పంది అలాగే నిలబడిపోయింది. గోరువంక దాని ముఖంలోకి చూడలేకపోయింది.

సానరాయి దగ్గరికి వెళ్లే అయ్యలారా, అమ్మలారా, రెమ్మ ముందే పట్టుకెళ్లండి.