సూరీడమ్మ ఇంటి వంతు

పార్లమెంటులో ప్రశ్నలడిగే పనిని ఇళ్లకే అప్పగించాక, సూరీడమ్మ ఇంటి వంతు పద్నాలుగేళ్లకు వచ్చింది. ఇంటికి ఒక్కటే ప్రశ్న. సైన్యంలో ఉన్న కొడుకు గురించి అడగాలని, చేపలు తోముతూ కూడా మూడు రోజులుగా దాన్నే వల్లిస్తోంది.

"మా పైడిరాజుని ఏ దేశం యుద్ధానికి పంపేరు?"

ప్రశ్నలడగడానికి ప్రభుత్వం గోడకు బిగించిన పెట్టె వెలిగింది. "నమస్కారమమ్మా, అడగండి," అంది మంత్రిగారి గొంతు.

ఇంటికొచ్చిన మనిషిని పలకరించకుండా పని అడగడం సూరీడమ్మకు చేతకాదు.

"బువ్వ తిన్నారా బాబూ?"

"భోజనమైంది. మీ ప్రశ్నకు జవాబిచ్చాం. సెలవు."

పెట్టె ఆరిపోయింది. ఆమె అసలు ప్రశ్నను గోడకే రెండుసార్లు చెప్పింది.

సాయంత్రం వార్తల్లో చదివారు: పరాయి దేశాల యుద్ధాలపై ప్రజలడిగిన ప్రతి ప్రశ్నకూ ప్రభుత్వం జవాబిచ్చింది.