ఆయా పొగరు

"పిల్ల చెవులు భేషుగ్గా ఉన్నాయి." డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాగి తల్లికేసి చూసి నవ్వాడు.

"లేవు" అంది ఆయా.

అందరూ ఆవిడవైపు తిరిగారు. నెలకోసారి ఈ శిశు సంరక్షణ కేంద్రానికి వచ్చి పిల్లల్ని చూసిపోయే డాక్టరుకి ఇంతవరకూ ఎదురుచెప్పినవాళ్లు లేరు. పది నెలల పిల్లని ఎత్తుకుని నిలబడ్డ తల్లి కంగారుగా పిల్ల చెవులు తడిమింది. ఆమె బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చింది, మెడలో విజిల్ కూడా తియ్యలేదు.

మేనేజరమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆయా పొగరు ఆవిడకి రెండేళ్లుగా అలవాటే. పిల్లలు నిద్రపోతున్నా గొంతు తగ్గించదు. వెనకనుంచి ఎంత మొత్తుకున్నా తిరిగి చూడదు. అదేమంటే, "నాతో మాట్లాడేవాళ్లు నా మొహం చూసి మాట్లాడాలి" అంటుంది. ఎప్పుడో పంపించేసేదే కానీ, పనిలో వంక పెట్టడానికి లేదు. ఏ పిల్ల పెదవి విరిచినా, ఏడుపు బయటికి రాకముందే చంకనేసుకుంటుంది.

డాక్టరు మాస్కు పైకి లాక్కుని ఏదో సణిగాడు.

"ఆ గుడ్డ తీసి చెప్పండి, అన్నదేదో" అంది ఆయా.

డాక్టరు మాస్కు పీకేశాడు. "చప్పట్లు కొడితే పిల్ల తిరిగింది. నువ్వూ చూశావుగా?"

"చూశాను. చప్పట్లకి వాళ్లమ్మ కళ్లు అటు తిరిగాయి. అమ్మ కళ్లని చూసి పిల్ల తిరిగింది. ఈ వయసు పిల్లలు రోజంతా పెదాలు కలిపి బాబా, మామా అంటుంటారు. ఈ బుజ్జిముండ పెదాలే కలపట్లేదు. నిన్న గాలికి తలుపు కొట్టుకుంటే మిగతా ఉయ్యాలల్లో పిల్లలంతా ఉలిక్కిపడి లేచారు. ఇది కదల్లేదు."

"మాటలు కాస్త ఆలస్యమైతే కొంపేం మునగదు" అని మేనేజరమ్మ అడ్డుపడింది. "కొందరు రెండేళ్లకి గానీ నోరు విప్పరు. మీరు కంగారుపడకండమ్మా."

"ఇప్పుడు కంగారుపడకపోతేనే మునుగుతుంది. చెవిన పడని మాట నోటికెలా వస్తుంది? ఈ నెలలు పోతే మళ్లీ తెచ్చివ్వగలరా మీరు?"

"ఇంకొక్క మాట అన్నావంటే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

"మానేస్తాను. ముందు ఇది తేల్చండి."

ఆయా పిల్లని అందుకుని చాప మీద కూచోబెట్టింది. ఎర్రబంతి పట్టుకుని తను ఎదురుగా కూచుంది. మిగతా ముగ్గుర్నీ పిల్ల వెనక్కి వెళ్లి నిలబడమంది. తల్లి మెడలోని విజిల్ డాక్టరుకిప్పించింది. "గట్టిగా ఊదండి, మొహమాటపడకుండా."

ఊదాడు. తల్లి అదిరిపడింది. మేనేజరమ్మ చెవులు మూసుకుంది. పక్కగదిలో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. చాప మీది పిల్ల బంతికేసి చూస్తూ నవ్వుతూనే ఉంది. ఆయా రెప్ప వెయ్యకుండా పిల్లనే చూస్తోంది.

డాక్టరు మళ్లీ ఊదాడు. మూడోసారీ ఊదాడు. తర్వాత విజిల్ తల్లి చేతికిచ్చేశాడు.

"రేపే చెవుల ఆస్పత్రికి తీసుకెళ్లండమ్మా. చీటీ రాసిస్తాను" అన్నాడు చివరికి తల్లితో. "ఇంత చిన్నప్పుడే బయటపడింది కాబట్టి చెయ్యగలిగింది చాలా ఉంది."

తల్లి పిల్లని గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఆయాకి జాలేసింది. అంతకన్నా ఎక్కువ సంతోషమేసింది.

డాక్టరు ఆయా ఎదుటికి వచ్చి చాప మీద చతికిలబడ్డాడు. "పదిహేనేళ్లుగా పిల్లల్ని చూస్తున్నాను. నాకు దొరకనిది నీకెలా దొరికింది?"

ఆయా మేనేజరమ్మకేసి ఒకసారి చూసింది. నిజం చెబితే ఈ పని పోతుంది, ఇంకోటి దొరకడం కష్టం. రెండేళ్లు దాచింది అందుకే. అయినా తలెత్తే చెప్పింది.

"ఏడో ఏట జ్వరానికి నా రెండు చెవులూ పూర్తిగా పోయాయి డాక్టరుగారూ, మీరిప్పుడడిగింది కూడా మీ పెదాల మీదే చదివాను."