నమిలే కత్తెర

"అది కత్తిరించదమ్మా, నములుతుంది."

కత్తెర పట్టుకున్న పిల్ల ఉలిక్కిపడి పక్కకి చూసింది.

జిరాక్స్ మిషన్ దగ్గర ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉన్నాడు. తన కాగితం సంగతి మరిచిపోయి ఈ పిల్ల కొనుగోలులో దూరాడు.

మెడికల్ కాలేజీకి ఎదురుగా ఉన్న షాపు అది. మొదటి సంవత్సరం పిల్లలకి కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయి. తెల్లకోటు, రికార్డు పుస్తకాలు, ఎముకల సెట్టు, శవాన్ని కోసి చదువుకునే పనిముట్లు.

ఈ పిల్లకి ఇంట్లో పేరు డాక్టరమ్మ. రెండుసార్లు పరీక్ష తప్పినప్పుడు వెక్కిరింపుగా పెట్టిన పేరు. మూడోసారికి సీటొచ్చింది. జాబితా పట్టుకుని అక్కని వెంటేసుకుని వచ్చింది.

అన్నీ కొన్నారు. పనిముట్ల దగ్గరే ఆగారు.

ఒకటి ఎర్ర మఖమల్ పరిచిన పెట్టె. తళతళా మెరిసిపోతోంది. రెండోది నల్ల రెక్సిన్ సంచి. చూస్తే కొనబుద్ధి కాదు.

ముసలాయన రెండు కత్తెరలూ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు.

"విన్నావా? ఎర్ర పెట్టెలోది సణుగుతోంది. నల్ల సంచిలోది చూడు, ఒక్కటే మాట. అది తీసుకో తల్లీ."

"మీకెలా తెలుసు తాతగారూ?" అంది అక్క.

"యాభై ఏళ్ళు బట్టలు కుట్టానమ్మా." ఎడమచేయి ఎత్తి చూపించాడు. చూపుడువేలు సగమే ఉంది. "పని నేర్చుకునే రోజుల్లో ఇలాంటి నమిలే కత్తెరే దీన్ని మింగేసింది."

అక్క నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"పైగా నీ చేయి వణుకుతోంది. వణికే చేతికి మంచి కత్తెర ఉండాలి."

షాపులో ఉన్నవాళ్ళంతా ఆమె చేతివైపు చూశారు.

ఒళ్ళు మండిపోయింది డాక్టరమ్మకి. ఆ వణుకు సంగతి కన్నతల్లికి కూడా తెలియకుండా దాచుకుంది. సర్జన్ అవుతానన్న పిల్లకి చేతులు వణకడమేమిటని నలుగురూ నవ్వుతారని ఆమె భయం. ఎవరో దారినపోయే దానయ్య వచ్చి దాన్ని నలుగురిలో పెట్టేశాడు.

"మీకెందుకండీ? కోసేది మిమ్మల్ని కాదుగా!"

"నోర్ముయ్యవే!" అక్క గిల్లింది.

ముసలాయన నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఎవరిని కోసినా వాళ్ళకి నొప్పి తెలీదులే తల్లీ. ఆ నొప్పేదో నీకే తెలుస్తుంది."

"పెద్దాయనా, మీ కాగితం అయిపోయింది," అన్నాడు షాపాయన.

ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు దాటి మెల్లగా కాలేజీ గేటువైపు నడిచాడు.

"పాపం, నీ మంచికే చెప్పాడేమోనే."

"ఉచిత సలహాలకేం కొదవక్కా!"

పంతం కొద్దీ ఎర్ర పెట్టే కొంది.

మొదటి మూడు నెలలూ ఎముకలతో, బొమ్మలతో సరిపెట్టారు. శవాల కొరత. నాలుగో నెలలో ఆమె బల్లకి ఒకటి వచ్చింది. ఎండిపోకుండా ముఖానికీ చేతులకీ తడిగుడ్డ చుట్టి ఉంచారు. ముందు ఛాతీ చేయాలన్నారు.

ఆమె వంతు వచ్చింది. కత్తెర సణిగింది. చర్మం తెగలేదు, రెండు అలుగుల మధ్య ఇరుక్కుని చిరిగింది.

"కోశావా, కొరికావా?" అన్నారు మేడమ్.

అందరూ పగలబడి నవ్వారు.

మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. సన్నటి నరాలు దారాల్లా తెగిపోయాయి. రోజూ ఆ బల్ల దగ్గరికి వెళ్ళాలంటేనే కాళ్ళు రావడం లేదు. హాస్టల్ బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది.

"నా వల్ల కాదక్కా. వచ్చేస్తాను," అంది ఫోన్లో.

"మూడేళ్ళ కష్టమే! ఆ తాతగారి దగ్గరికైనా వెళ్ళవే. కత్తెర సాన పట్టిస్తాడు."

సిగ్గు చంపుకుని కత్తెర బ్యాగులో వేసుకుని షాపుకి వెళ్ళింది.

"ఆయనా? కనబడి చాలా రోజులైందమ్మా," అన్నాడు షాపాయన. "ఆయనకి నా అన్నవాళ్ళు లేరు. ఎవరిని అడగాలో కూడా తెలీదు."

"నల్ల సంచి ఉందా?"

"ఆ రకం రావడం లేదు."

చేతులు కాలాక ఆకులకి బయల్దేరితే ఇంతే. ఆయన కనబడితే కాళ్ళమీద పడి క్షమించమని అడగాలనుకుంది. ఆ కత్తెరతోనే తిరిగి వెళ్ళింది.

ఛాతీ పూర్తయిన రోజు మేడమ్ వచ్చి చూసి, నుదురు కొట్టుకున్నారు.

"ఏంటమ్మా ఈ చీలికలు? ఇది దిక్కులేక వచ్చిన శవం కాదు. బతికుండగానే తనంతట తను వచ్చి, కాగితం రాసిచ్చి వెళ్ళిన మనిషి. పిల్లలు నేర్చుకోవాలని ఇచ్చాడు. ఈ ఏడాదికి మీ బల్లకి ఇంకోటి రాదు."

డాక్టరమ్మ తల ఎత్తలేకపోయింది.

"చేతులు మిగిలాయి. అవైనా సరిగ్గా చెయ్యి. ఎడమచేతి కట్టు విప్పు."

వణుకుతున్న చేత్తో తడిగుడ్డ ఒక్కో చుట్టూ విప్పింది.

ఆఖరి చుట్టు ఊడి వచ్చాక చూస్తే, చూపుడువేలు సగమే ఉంది.