తుమ్మితే ఆగే విమానాలు

ఇప్పుడు ఎవరింటి ఆట వాళ్లదే. గోడమీది తెరకు నోటితో చెబితే చాలు, వీడియో ఆట తయారు చేసేస్తుంది. హిమజ తన కాల్పుల ఆటలో శత్రు విమానాలకు బుద్ధులు నేర్పే పని నాయనమ్మకు అప్పగించింది.

కాలనీ పోటీలో ఎదురింటి పానకాలరావు వాటిని కూల్చేస్తే కప్పు ఆయనది, అవి ఆయన్ని కూల్చేస్తే హిమజది. ఆట జోరు మీదుండగా ఆయన గట్టిగా తుమ్మాడు. విమానాలన్నీ టక్కున ఆగిపోయాయి.

"నాయనమ్మా! ఇదేం నేర్పావ్?"

"తుమ్ము వినబడితే ఆగాలి కదటే? కాసేపుండి వెళ్లమన్నాను."

అప్పుడు కాల్చేస్తే గెలిచేవాడే. కానీ పానకాలరావు కూడా బటన్ మీంచి వేలు తీసేసి, మంచినీళ్లు అడిగాడు. గ్లాసు ఎత్తుతూ మళ్లీ తుమ్మాడు.

రెండో తుమ్ముతో దోషం పోతుందని కూడా నాయనమ్మ నేర్పింది. ఆయన గ్లాసు దించేలోగా విమానాలన్నీ మీదపడ్డాయి.

"శాస్త్రం ప్రకారమే ఓడిపోయాను పిన్నిగారూ," అన్నాడాయన మూతి తుడుచుకుంటూ.