నలభై పొట్లాల భస్మం

“కాలు చాపండి,” అన్నాడు డాక్టరు దేవానందం.

అరుగు మీద కూర్చున్న చెన్నకేశవులు దర్జాగా కాలు చాపాడు. డాక్టరు మోకాలి కింద బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలాడు. పక్కన నిలబడ్డ వైద్యుడు హనుమయ్య ఆ కాలి మీదికి వంగి చూశాడు. నీరు పట్టి అక్కడ గుంట పడిందా, తనకు జైలే.

యుద్ధం మూలాన సీమ మందులు దొరక్క, నూజెండ్లలో అందరూ హనుమయ్య భస్మం మీదే పడ్డారు. అది తిన్న ఇన్నయ్యకూ బసవమ్మకూ కాళ్లు బూరెల్లా పొంగాయి. ఉచ్చ బిగిసింది. వేళ్లు చల్లబడి సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. ఇద్దరూ నరసరావుపేటలో దేవానందం దగ్గరే పడున్నారు.

“దీంట్లో పాదరసమో సీసమో ఉండాలి,” అన్నాడు ఆయన. “అవి మూత్రపిండాల్ని తినేస్తాయి. ఒంట్లో నీరు నిలిచిపోతుంది. వేళ్ల చివరిదాకా నెత్తురు పారదు.”

ఆ సంగతి తేల్చుకోవడానికే ఊళ్లోకి వచ్చాడు. హనుమయ్య రోజుకొకటి చొప్పున ఇచ్చే నలభై పొట్లాలూ పూర్తిచేసింది చెన్నకేశవులొక్కడే మరి.

కాలి మీద గుంట పడలేదు. గోళ్లు ఎర్రగా ఉన్నాయి. డాక్టరు అతని ఉచ్చను గాజుగొట్టంలో పోసి దీపం మీద కాచాడు. మూత్రపిండాలు చెడితే విరిగిన పాలలా తెల్లబడాలి. తేటగా ఉండిపోయింది.

“అన్నయ్యా, ఒక్క మాట,” అంది హనుమయ్యతో, తలుపు చాటునుంచి చెన్నకేశవులు భార్య శేషారత్నం.

“ఏమే, మగాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నీ గోలేంది?” మొగుడు కసిరాడు.

“రోజూ తిన్నారా?” అడిగాడు డాక్టరు.

“ఒక్కపూట మానలా! పొద్దున్నే మా ఆడది తేనెలో కలిపిస్తది, నాకేస్తా. ఇప్పుడు వినుకొండ దాకా నడిచెళ్లొస్తన్నా.”

డాక్టరు తల గోక్కున్నాడు. “నాకు అంతుబట్టలేదు. నేను మళ్లీ వచ్చేదాకా ఎవరికీ ఇవ్వొద్దు,” అని బండెక్కాడు. సాగనంపడానికి చెన్నకేశవులు వెంట వెళ్లాడు.

హనుమయ్య వాకిట్లో మూగిన జనం వంక తిరిగి మీసం దువ్వాడు. “చూశార్రా? నా భస్మానికి వంక పెడతాడంట!”

“అంత గొప్పదైతే నువ్వెప్పుడన్నా తిన్నావా మామా?” గుంపులోంచి మౌలాలీ అడిగాడు.

అందరూ గొల్లుమన్నారు. ఇరవై ఏళ్లలో హనుమయ్య దాన్ని నాలిక మీద వేసుకున్న పాపాన పోలేదు. రోషమొచ్చి సంచిలోంచి మూడు పొట్లాలు తీసి విప్పాడు.

“అన్నయ్యా, ఆగు!” శేషారత్నం వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

“నువ్వు కూడానా అమ్మా? నీ మొగుణ్ణి చూసన్నా నమ్మకం కుదర్లా?”

మూడూ ఒక్కసారే నోట్లో పోసుకుని, చెంబెడు నీళ్లు గటగటా తాగి, తడి మీసం తుడుచుకుంటూ మౌలాలీ వంక చూసి నవ్వాడు. డాక్టరు బండి మలుపు తిరిగిపోయింది.

శేషారత్నం నెత్తిన చేతులు పెట్టుకుంది.

“ఆయనకు నేను పెట్టింది పొయ్యిలో బూడిద అన్నయ్యా.”