పాత సౌండు కార్డు

"ఆ పాత ఖటారా కంప్యూటరు కోసం ఇంకా గొడవేనా? సాయంత్రం పాతసామాన్లు కొనే కబాడీవాడు వస్తాడు, ఇచ్చెయ్," అన్నాడు రామమూర్తి, కొత్త కంప్యూటరు ముందు నుంచి లేవకుండా.

"నేను కట్టిన పాటలన్నీ అందులోనే ఉన్నాయండీ. ఆ పాటల ప్రోగ్రాం పాత సౌండు కార్డు ఉంటేనే నడుస్తుంది. ఆ కార్డు పెట్టే చోటే ఈ కొత్తదాంట్లో లేదు," అంది ఊర్మిళ.

"పిల్లలకి నేర్పే టింగుటింగులేగా! మళ్ళీ కట్టుకో."

అత్తగారు భ్రమరాంబ సోఫాలోంచి నవ్వింది. "మావాడు చూడకుండా కొంటాడా? జాతకాల ప్రోగ్రాం ఇందులో నడిపించి చూపించాకే షాపువాడికి డబ్బులిచ్చాడు."

ఇంతసేపూ భర్త తెలియక కొన్నాడనే అనుకుంటోంది ఊర్మిళ.

"మరి నా పాటల ప్రోగ్రాం గురించి అడిగారా?"

"అదీ ఒక ప్రోగ్రామేనా?" అన్నాడు రామమూర్తి.

ఊర్మిళ పాత కంప్యూటరు తీగలు విప్పి, దుప్పట్లో చుట్టి, గుమ్మం దగ్గర పెట్టింది. ఆ చప్పుడుకి కూతురు కూడా గదిలోంచి వచ్చింది.

"రేపటినుంచి నా సంగీతం పాఠాలు మోవా పేటలో, మా స్నేహితురాలు రమణమ్మ ఇంట్లో. ఇదీ అక్కడే ఉంటుంది," అంది ఊర్మిళ, గొంతు పెంచకుండా. "సాయంత్రం టీ ఎవరు పెట్టాలో జాతకాల ప్రోగ్రాంని అడగండి."