ద్వారబంధం మీద సుద్ద గీతలు

"నిన్నటికి నడుమెత్తు. ఇవాళ ఇంకో నాలుగు వేళ్లు పైకెక్కాయి, చూడండి," అంది భార్య, చెదలు పట్టిన ద్వారబంధం మీద సుద్దతో గీత గీస్తూ.

ఆమెది దర్జీ పని. మెడలో టేపు ఉన్నంతసేపూ ఏదో ఒకటి కొలవక మానదు.

"మందు కొట్టే మనిషిని పిలిపించమన్నానుగా. పొద్దున్నే నా ప్రాణం తియ్యకు," అన్నాడాయన, బూట్లు వేసుకుంటూ.

"మధ్యాహ్నం వస్తానన్నాడు. చెదల కోసం అడవులన్నీ గాలిస్తారే, ఇంటి గుమ్మం ఒక్కసారి చూడలేరా?"

ఎత్తిపొడుపే అనుకున్నాడు. ఆ మాట పడక తప్పదు కూడా. కర్రను అరిగించుకునే సూక్ష్మజీవి చెదపురుగు పొట్టలో ఉంటుంది. దాని సాయంతో ఎండుగడ్డి నుంచీ రంపపు పొట్టు నుంచీ బళ్లకు ఇంధనం తీయాలని పదకొండేళ్లుగా తంటాలు పడుతున్నాడు. దొరికిన ప్రతి రకానిదీ నత్తనడకే. లీటరు ఇంధనం తయారయ్యేలోపు బండే తుప్పు పడుతుందని పై అధికారి వేళాకోళం. వేగంగా తినే రకం చూపించకపోతే నెలాఖరుకి ల్యాబుకు తాళం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

"పోనీ, ఈ బొత్తాల డబ్బా మూతకు నాలుగు చిల్లులైనా పొడిచి వెళ్లండి."

ఎందుకని కూడా అడగలేదు. మేకుతో టకటకా పొడిచి ఇచ్చి, బస్సుకు పరుగెత్తాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మందు కొట్టే మనిషి పైపు చుట్టుకుంటున్నాడు.

"ఇరవై ఏళ్లుగా ఇదే పనండీ. పదిహేను రోజుల్లో ఇంత గుమ్మాన్ని డొల్ల చేసిన చెదల్ని ఎక్కడా చూళ్లేదు. మీరేం బెంగపడకండి, గోడలో ఒక్కటి కూడా మిగల్లేదు."

పదిహేను రోజులా! ల్యాబులో అంత కర్రకు ఏడాది పడుతుంది. అప్పుడు చూశాడు ద్వారబంధం వైపు. ప్రతి గీత పక్కనా తేదీ ఉంది, అంగుళాలు ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఆమె చెబుతున్నది ఇదే.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. పైగా ఆ మందు తనే కొట్టించాడు. గడప మీదే కూలబడ్డాడు.

"నువ్వు చెబుతూనే ఉన్నావు. నేనే వినలేదు," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్లి, బొత్తాల డబ్బా తెచ్చి ఆయన చెవికి ఆనించింది.

లోపల ఏదో కర్ర కొరుకుతోంది.